నియంతను తిరిగి రప్పించి నవ్వించడం ఎలా?

చనిపోయిన నియంత ఒకనాటి ఉదయం నేటి నగరంలో కళ్ళు తెరుస్తాడు. ఎదురైనవారు అతన్ని పగటివేషగాడనుకుని నవ్వుతారు, పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు, చివరికి టీవీలో ఒక కార్యక్రమం కూడా ఇస్తారు. అతను మాత్రం ఏ వేషమూ వేయడం లేదు, 1945లో ఆగిపోయిన పనిని మళ్ళీ అందుకుంటున్నాడు. ఈ ఇతివృత్తంతో కథో నవలో సినిమా స్క్రిప్టో రాయదలచినవారి కోసం ఈ వ్యాసం. ఊహ కొత్తది కాదు. జర్మనీలో తిమూర్ వెర్మెస్ 2012లో దీని మీద నవల రాశారు, డేవిడ్ వ్నెంట్ 2015లో దాన్ని సినిమాగా తీశారు, ఇటలీవారు 2018లో అదే కథలోకి హిట్లర్ బదులు ముస్సోలినీని దించారు. కాబట్టి "ఎంత వింత ఆలోచన!" అని పాఠకుడు ఆశ్చర్యపోతాడని ఆశ పెట్టుకోకూడదు, మీకు మిగిలింది పనితనం ఒక్కటే. ఆ పనితనంలో ముఖ్యమైన సూత్రం ఒకటుంది, తక్కినవన్నీ దాని వెంట వస్తాయి. కథలో మారకూడనివాడు నియంత, మారవలసినది అతని చుట్టూ ఉన్న జనం. మొదట అతన్ని చూసి నవ్వినవారు పోనుపోను అతని మాటలకు నవ్వుతారు, ఆ తరువాత నవ్వు మాని వింటారు. ఈ మూడు మెట్లూ పాఠకుడు తనకు తెలియకుండానే ఎక్కేయాలి.

కింది మాటలన్నింటికీ హిట్లర్‌నూ బెర్లిన్‌నూ ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే ఆధారాలు సమృద్ధిగా దొరికే నియంత అతను, రచయితలు ఎక్కువగా తప్పటడుగులు వేసేదీ అతని దగ్గరే.

యముడి అచ్చులో పోయవద్దు

తెలుగు రచయిత చెయ్యి అలవాటుగా వెళ్ళేది యముడి కథ వైపు. యమధర్మరాజు చిత్రగుప్తుడిని వెంటబెట్టుకుని భూలోకానికి దిగి, నడిరోడ్డు మీద కిరీటంతో నిలబడి, కానిస్టేబులు చేత చీవాట్లు తిని, ఐస్‌క్రీమ్ రుచికి మైమరచిపోయే దృశ్యాలు మన సినిమాల్లో ఎన్నిసార్లు చూసినా నవ్వు వస్తుంది. అక్కడ నవ్వు అమాయకత్వంలోంచి పుడుతుంది. ముల్లోకాలనూ గడగడలాడించేవాడు ఇక్కడ బస్సు టికెట్టు తీసుకోవడం కూడా రాక తికమకపడితే మనకు జాలి కలుగుతుంది, జాలి వెనకాలే ఇష్టం కలుగుతుంది. యముడి విషయంలో ఆ ఇష్టం వల్ల ఎవరికీ నష్టం లేదు. నియంతను అదే అచ్చులో పోస్తే ముప్ఫయ్యో పేజీకల్లా అతను దారితప్పిన ముసలాయన అయిపోతాడు, పాఠకుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు.

పైగా లిఫ్టును చూసి జడుసుకునే హిట్లర్ చరిత్ర ప్రకారం కూడా తప్పు. 1932 ఎన్నికల ప్రచారంలో అతను విమానంలో తిరుగుతూ ఒకే రోజు పలు నగరాల్లో సభలు పెట్టాడు. అప్పటి జర్మనీకి అది కొత్త సంగతి. అతను ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, అయిన ఏడాదే సామాన్యుల కోసం 76 మార్కులకు ఒక రేడియో సెట్టు బజారులోకి వచ్చింది, దాని మోడల్ సంఖ్యలోని 301 అతను పదవి చేపట్టిన జనవరి 30కి గుర్తు. బెర్లిన్‌లో టీవీ ప్రసారాలు 1935 మార్చిలోనే మొదలయ్యాయి, 1936 ఒలింపిక్స్‌ను జనం ప్రత్యేకంగా ఏర్పాటుచేసిన హాళ్ళలో కూర్చుని టీవీలో చూశారు. ఇటువంటివాడు సెల్‌ఫోనును చూసి భూతమని కేకలు వేయడు. దాని ఉపయోగం అతనికి మనకన్నా ముందు అర్థమవుతుంది, మీ హాస్యం అక్కడ మొదలుకావాలి. పత్రికలమ్మే చిన్న దుకాణం దగ్గర ఇటువంటి సంభాషణ ఒకటి రాసి చూడండి.

"ఇదేమిటి?"

"ఫోనండీ. వార్తలు, వీడియోలు, పాటలు, అన్నీ ఇందులోనే."

"ఎంతమంది దగ్గర ఉంది?"

"లేనివాళ్ళు ఎవరున్నారు?"

"ఎప్పుడెప్పుడు చూస్తారు?"

"నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా."

"ఎవరూ బలవంతపెట్టకుండానే?"

దుకాణదారు నవ్వాడు. ఆ పెద్దమనిషి నవ్వలేదు. ఫోనును రెండు చేతులతో తిరిగి ఇచ్చి, "దీని ఖరీదు 76 మార్కులకన్నా ఎక్కువే అయి ఉంటుంది" అన్నాడు.

ఇందులో అతను ఎక్కడా తెల్లబోలేదు, ఎక్కడా అరవలేదు. నవ్వు దుకాణదారుది, భయం పాఠకుడిది.

ఏమి చదవాలి, ఏమి వదిలేయాలి

హిట్లర్ రాసిన "మైన్ కాంఫ్" మన దుకాణాల్లోనూ ఫుట్‌పాత్‌ల మీదా ఉత్త పుస్తకంగా, ఏ వివరణా లేకుండా, తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని కొని పక్కన పెట్టుకోవడం వల్ల రచయితకు పెద్దగా ఒరిగేది లేదు. దాని కాపీరైటు బవేరియా రాష్ట్రం చేతిలో ఉండి 2015 చివర ముగిశాక, మ్యూనిక్‌లోని సమకాలీన చరిత్ర సంస్థ 2016 జనవరిలో వేలకొద్దీ వివరణలతో రెండు సంపుటాలుగా ప్రచురించింది. అసలు పాఠం చుట్టూ చరిత్రకారుల టిప్పణులు ముసురుకుని ఉండే ఆ పద్ధతి వ్యంగ్య రచయితకు మంచి పాఠం, ఎందుకంటే అబద్ధాన్ని ఒంటరిగా వదలకుండా నిజం దాని పక్కనే కూర్చుని ఉంటుంది.

అయితే మీకు ఎక్కువగా పనికొచ్చేవి ఎన్నికల లెక్కలు. నాజీ పార్టీకి 1928లో వచ్చిన ఓట్లు 2.6 శాతం. 1932 జులైలో 37.3 శాతం. మధ్యలో ఆర్థిక మాంద్యం వచ్చింది, నిరుద్యోగుల సంఖ్య అరవై లక్షల దాకా పోయింది. అదే ఏడాది నవంబరులో ఓట్లు 33.1 శాతానికి పడిపోయాయి, స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ అతనికి సగం ఓట్లు రాలేదు; 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అతన్ని పిలిచి ఛాన్సలర్‌గా నియమించాడు. కనుక "జనమంతా అతని మాటలకు మంత్రముగ్ధులైపోయారు" అన్న మాటను మీ కథలోకి రానివ్వకూడదు. జనంలో కొందరు నమ్మారు, కొందరు విసిగి ఓటేశారు, పైనున్నవారు అతన్ని వాడుకోవచ్చనుకుని తలుపు తీశారు. మూడో రకం వాళ్ళే మీ హాస్యానికి మంచి సరుకు, వాళ్ళ సంగతి కిందకు వచ్చాక చెబుతాను.

వదిలేయవలసినవి కూడా ఉన్నాయి. అతని రోగాలు, మందులు, రహస్య జీవితం గురించిన గాలికబుర్లతో నింపిన వ్యంగ్యం చవకబారుగా తేలిపోతుంది, ఎందుకంటే మనిషిని పిచ్చివాడిగా చూపిస్తే చుట్టూ ఉన్న వాళ్ళందరికీ తప్పించుకునే దారి దొరుకుతుంది.

దిగవలసిన చోటు

ఎలా తిరిగొచ్చాడన్నది వివరించవద్దు. కాలయంత్రం, శాపం, ప్రయోగశాల, ఏదైనా సరే, వివరణ మొదలుపెట్టిన క్షణాన పాఠకుడు దానిలో లొసుగులు వెతకడం మొదలుపెడతాడు. "కళ్ళు తెరిచాడు" అని ఒక వాక్యం రాసి ముందుకు సాగండి. ఎక్కడ తెరిచాడన్నది మాత్రం శ్రద్ధగా ఎంచుకోవాలి, ఇక్కడ బెర్లిన్ మీకు ఎంతో సహాయం చేస్తుంది. అతను 1945 ఏప్రిల్ 30న ఆత్మహత్య చేసుకున్న బంకరు ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ల మధ్య కార్ల పార్కింగు ఉంది. 2006లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు ముందు అక్కడ ఒక సమాచార ఫలకం పెట్టారు. ఆ పక్క వీధి పేరు గెర్ట్రూడ్ కోల్మార్ వీధి. ఆమె 1943లో నాజీలు ఔష్విట్జ్‌కు తరలించి చంపిన యూదు కవయిత్రి. కొద్ది నిమిషాలు నడిస్తే 2005లో ప్రారంభమైన 2,711 కాంక్రీటు దిమ్మల స్మారకం, హత్యకు గురైన యూదుల కోసం కట్టినది, వస్తుంది, దాని ఒక అంచున ఉన్న వీధికి రాజకీయ చింతకురాలు హన్నా ఆరెంట్ పేరు పెట్టారు.

ఇంత సామగ్రి నేల మీదే ఉండగా కొత్తగా కల్పించవలసింది ఏముంది? మీ పాత్ర లేచి నిలబడి వీధి పలక మీద "కోల్మార్" అన్న మాట చదువుతాడు. 1940లో ఫ్రాన్సు నుంచి లాక్కున్న అల్సాస్ ప్రాంతంలో కోల్మార్ అనే ఊరుంది కాబట్టి, ఆ విజయాన్ని జనం ఇంకా మరచిపోలేదని మురిసిపోతాడు. నిజం పాఠకుడికి మీరు చెప్పాలి, అతనికి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ఒక్క పొరపాటుతో మీ కథంతా ఎలా నడవాలో తేలిపోతుంది: అతను ప్రతిదాన్నీ తనకు అనుకూలంగా అర్థం చేసుకుంటాడు, ఒక్కసారి కూడా సందేహపడడు.

వేగం విషయంలో తొందరపడవచ్చు. చరిత్ర ఈ కథను ఒకసారి తానే రాసింది: ఎల్బా ద్వీపంలో ఉంచిన నెపోలియన్ 1815 మార్చి 1న ఫ్రాన్సు దక్షిణ తీరాన దిగి, మార్చి 20కల్లా పారిస్ చేరాడు. దారిలో అడ్డగించడానికి పంపిన సైనికులు అతని వెంటే నడిచారు. ఇరవై రోజులు చాలాయి. మీ నవలలో అతను ప్రసిద్ధుడు కావడానికి అయిదారు అధ్యాయాలు తీసుకుంటే నిజానికన్నా నెమ్మదిగా రాసినట్టే.

గొంతు

హిట్లర్ అనగానే నోటి వెంట నురగలు కక్కుతూ అరిచే బొమ్మ మన కళ్ళ ముందు కదులుతుంది. 1942 జూన్ 4న ఫిన్లాండ్ సేనాని మానర్‌హైమ్ పుట్టినరోజుకు వెళ్ళినప్పుడు, ఒక ఫిన్నిష్ రేడియో ఇంజనీరు చాటుగా చేసిన పదకొండు నిమిషాల రికార్డింగు ఒకటి మిగిలింది. అందులో వినిపించేది లోతైన, నిదానమైన, దాదాపు అలసిన గొంతు. అరుపు అతను వేదిక కోసం తయారుచేసుకున్న సరుకు. ఫొటోగ్రాఫర్ హోఫ్‌మన్ 1920లలో తీసిన ఫొటోల్లో అతను ఒక్కో హావభావాన్నీ సాధన చేస్తూ కనిపిస్తాడు. కాబట్టి మీ పాత్ర నూటికి తొంభై పాళ్ళు నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాలి. అతను తన కార్యదర్శులతో మర్యాదగా ఉండేవాడని వాళ్ళే తరువాత చెప్పారు. మాంసం తినడు, సిగరెట్టు తాగడు, కుక్కలంటే ఇష్టం. ఈ వివరాలను ముందు పేజీల్లోనే వాడేయండి, అయితే మీరు చెప్పవద్దు, చుట్టూ ఉన్నవారి చేత చెప్పించండి. "ఎంత పద్ధతైన మనిషో! మా మేకప్ అమ్మాయిని కూడా మీరు అంటాడు" అని స్టూడియోలో ఒకరితో ఒకరు చెప్పుకోవాలి. ఎర ఎలా పనిచేస్తుందో పాఠకుడికి కనబడుతుంది.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కుంది. పాతకాలపు మనిషి కదా అని అతని చేత పౌరాణిక నాటకాల గ్రాంథికం మాట్లాడిస్తే తిరిగి యముడే అవుతాడు. పూర్తి వాడుక భాష ఇస్తే కొత్తదనం పోతుంది. పాత దినపత్రికల సంపాదకీయ భాష సరిగ్గా సరిపోతుంది: పొడుగు వాక్యాలు, "గమనించవలసియున్నది" వంటి క్రియలు అక్కడక్కడా, "నేను" తక్కువ, "జాతి" ఎక్కువ. ఎదుటివారు "అవునా సార్, సూపర్ సార్" అంటుంటే ఈ భాషకు పదును వస్తుంది.

ఉత్తమ పురుషలో రాయాలా, ప్రథమ పురుషలో రాయాలా? వెర్మెస్ నవలంతా హిట్లరే చెబుతాడు. ఆ పద్ధతిలో పాఠకుడు అతని బుర్రలో బందీ అయిపోతాడు, అతని తర్కం లోపలి నుంచి నున్నగా కనిపిస్తుంది, ఆ నున్నదనమే భయపెడుతుంది. చేయి తిరిగినవారికి అదే మేలు. కొత్తగా రాసేవారు మాత్రం బయట నిలబడి చూసే ఒక సాక్షి చేత కథ చెప్పించి, నియంత మనసులోకి ఒక్కసారి కూడా తొంగిచూడకుండా ఉండడం మంచిది. సగం లోపల, సగం బయట అన్న పద్ధతి రెంటికీ చెడుతుంది.

అతను ఏమి మాట్లాడాలి

ద్వేషంతో మొదలుపెట్టించవద్దు. మొదటి ప్రసంగం ఇంటి అద్దెల మీద, రెండోది ఆలస్యంగా నడిచే రైళ్ళ మీద, మూడోది వృద్ధాప్యంలో సీసాలు ఏరుకుని అమ్ముకునే ముసలివాళ్ళ మీద ఉండాలి. మూడింటిలోనూ చెప్పిన బాధలు నిజమైనవే అయి ఉండాలి, పాఠకుడు తల ఊపాలి. నాలుగో ప్రసంగంలో, అదే గొంతుతో, అదే వరుసలో, "ఈ అద్దెలు ఎవరి చేతుల్లోకి పోతున్నాయో మీకు తెలుసు" అన్న ఒక్క ఉపవాక్యం జారవిడవాలి. స్టూడియోలో చప్పట్లు ఆగవు. పాఠకుడి తల ఊగడం ఎక్కడ ఆగిందో అక్కడే మీ వ్యంగ్యం బలం తెలుస్తుంది. అతని అసలు నినాదాలనూ జాతి సిద్ధాంతాలనూ పేజీలకు పేజీలు దించడం అనవసరం, ప్రమాదకరం, అన్నింటికీ మించి విసుగు.

"ఏమన్నా అనండి, రోడ్లు మాత్రం వేయించాడు" అనే టాక్సీ డ్రైవరు ఒకడు కథలో తప్పనిసరిగా ఉండాలి. ఈ మాటను ఖండించడానికి ప్రొఫెసరును తీసుకురావద్దు. కొలోన్, బాన్ నగరాల మధ్య వేసిన ఎక్స్‌ప్రెస్ రోడ్డును 1932 ఆగస్టు 6న ప్రారంభించినది అప్పటి కొలోన్ మేయరు కోన్రాడ్ అడెనావర్. హిట్లర్ అప్పటికి అధికారంలోనే లేడు. మీ కథలో టాక్సీ సరిగ్గా ఆ రోడ్డు మీదే పోవాలి. వెనక సీట్లో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలుసు, రిబ్బను కత్తిరించిన మనిషి ఎవరో కూడా తెలుసు. ఒక్క క్షణం ఆగి, "కృతజ్ఞతలు" అంటాడు.

నిర్మాత

ఈ రకం కథల్లో రచయితలు నియంత పాత్ర మీద పెట్టే శ్రమలో పదో వంతు కూడా టీవీ నిర్మాత మీద పెట్టరు, అది పెద్ద లోపమని నా అభిప్రాయం. కథకు ఇరుసు అతనే. అతని నమూనా 1933లోనే ఉంది. ఫ్రాంజ్ ఫాన్ పాపెన్ అనే సంప్రదాయవాద నాయకుడు హిండెన్‌బర్గ్‌ను ఒప్పించి, తాను వైస్ ఛాన్సలర్‌గా ఉండి హిట్లర్‌ను అదుపులో పెట్టుకోవచ్చని లెక్క వేశాడు. మొదటి మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే, తక్కినవారంతా పాపెన్ లాంటివారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1934 జూన్ 30 నాటి హత్యాకాండలో పాపెన్‌కు ప్రసంగాలు రాసిపెట్టే ఎడ్గార్ యుంగ్‌ను చంపేశారు, పాపెన్‌ను ఇంట్లో నిర్బంధించారు, ఆ తరువాత అతను అదే ప్రభుత్వం తరఫున వియన్నాకు రాయబారిగా వెళ్ళాడు. ఆ చివరి సంగతి మరచిపోవద్దు. మీ నిర్మాత మోసపోయి బాధపడే మనిషి కాకూడదు, మోసపోయాక కూడా కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టే మనిషి కావాలి.

వాళ్ళ మొదటి సమావేశం ఇలా ఉండవచ్చు.

"మీరు ఏం మాట్లాడినా మాకు అభ్యంతరం లేదు సార్. పదిహేను నిమిషాలు దాటకుండా చూసుకోండి, చాలు."

"1933లో కూడా నాకు ఇటువంటి హద్దులే పెట్టారు."

నిర్మాత పగలబడి నవ్వి, అసిస్టెంటు వైపు తిరిగి, "ఇది రాసుకో, ప్రోమోలో వాడదాం" అన్నాడు.

నిర్మాతకు జోడుగా మరొక పాత్ర ఉండాలి: అదే ఛానెల్లో పనిచేస్తూ, కొత్తవాడి రాకతో వెనకబడిన హాస్యనటుడు. అందరిలోకీ ముందు అనుమానం వచ్చేది అతనికే, అసూయ వల్ల అంటున్నాడని ఎవరూ పట్టించుకోరు. ఇతనికీ చరిత్రలో పూర్వీకులున్నారు. మ్యూనిక్ పత్రికా సంపాదకుడు ఫ్రిట్జ్ గేర్లిఖ్ 1932లో హిట్లర్ మొహంలో అతని సొంత జాతి సిద్ధాంతం చెప్పే లక్షణాలు ఉన్నాయా అని పరీక్షిస్తూ చురుకైన వ్యంగ్యవ్యాసం వేశాడు. 1933 మార్చిలో అరెస్టయి, 1934 జూన్ 30న డాహౌ శిబిరంలో హత్యకు గురయ్యాడు. బెర్లిన్‌లో కాటకోంబె అనే చిన్న రంగస్థలం నడిపిన వెర్నర్ ఫింక్‌ను 1935లో నిర్బంధ శిబిరానికి పంపారు. వ్యంగ్యం నియంతలను ఆపుతుందన్న నమ్మకంతో కలం పట్టేవారు ఈ ఇద్దరి గురించి చదివి, ఆ తరువాత కూడా రాయాలనిపిస్తే రాయాలి.

నవ్వు ఆగవలసిన చోటు

చాప్లిన్ హిట్లర్‌ను వెక్కిరిస్తూ తీసిన 1940 నాటి "ది గ్రేట్ డిక్టేటర్" సినిమా గురించి 1964లో వెలువడిన ఆత్మకథలో ఒక మాట రాశాడు: నిర్బంధ శిబిరాల్లో నిజంగా ఏమి జరిగిందో అప్పుడే తెలిసి ఉంటే ఆ సినిమా తీయగలిగేవాడిని కానని. మనకు తెలుసు. తెలిసి రాస్తున్నాం కాబట్టి, అరవై లక్షల యూదుల హత్య మీ హాస్యం కింద ఎక్కడో ఒకచోట పైకి తేలి తీరాలి. ఎన్నిసార్లు అన్నది మీ ఇష్టం. నా మట్టుకు ఒక్కసారి చాలు, మూడింట రెండు వంతులు గడిచాక అయితే మరీ మంచిది.

బాధితుల చేత ఉపన్యాసం ఇప్పించకండి. బెర్లిన్ ఫుట్‌పాత్‌లలో పది సెంటీమీటర్ల చదరపు ఇత్తడి ఫలకాలు నేలలో పొదిగి ఉంటాయి. నాజీల చేతిలో చనిపోయినవారు చివరిసారి తమ ఇష్టప్రకారం నివసించిన ఇళ్ళ ముందు వాటిని గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో పొదగడం మొదలుపెట్టాడు. పేరు, పుట్టిన ఏడు, తరలించిన తేదీ, చంపిన చోటు. ఏటా నవంబరు 9న ఇరుగుపొరుగువారు మోకాళ్ళ మీద కూర్చుని వాటిని తోమి మెరిపిస్తారు. మీ నియంత ఆ ఉదయం నడకకు వస్తాడు. ఒక ముసలామె నేలను తోముతుండడం చూసి, జర్మన్ జాతి శుభ్రత ఇంకా చెక్కుచెదరలేదని ఆమెను అభినందిస్తాడు. ఆమె తల ఎత్తి చూస్తుంది. ఆమె ఏమి అనాలో నేను చెప్పను, కాని అతన్ని వేషగాడని మాత్రం అనుకోకూడదు. ఆ అధ్యాయంలో ఆ తరువాత జోకు ఉండకూడదు.

అతనికి పశ్చాత్తాపం రానివ్వకండి. కన్నీటి చుక్క ఒక్కటి రాల్చినా కథ మొత్తం కొట్టుకుపోతుంది.

చట్టాన్ని కథలో వాడుకోవడం

జర్మన్ శిక్షాస్మృతి 86ఎ సెక్షను ప్రకారం నాజీ చిహ్నాలను, ఆ తరహా వందనాన్ని బహిరంగంగా ప్రదర్శించడం నేరం. కళ, పరిశోధన, బోధన వంటివాటికి మినహాయింపు ఉంది. చాలామంది రచయితలు దీన్ని తమకు రక్షణగా మాత్రమే చూస్తారు. నిజానికి ఇది కథలో పెద్ద మలుపు. వీధిలో చెయ్యెత్తిన మనిషిని పోలీసులు పట్టుకుంటారు, నిర్మాత పరుగెత్తుకొచ్చి ఇది హాస్య కార్యక్రమమని కాగితం చూపిస్తాడు, పోలీసులు క్షమాపణ చెప్పి వదిలేస్తారు. వ్యంగ్యాన్ని కాపాడడానికి రాసుకున్న మినహాయింపే అతన్ని కాపాడింది. ఇది రాయడానికి రెండు పేజీలు చాలు, ఫలితం మాత్రం మొత్తం పుస్తకానికి అందుతుంది.

మన దగ్గర ప్రచురించేటప్పుడు వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షనును ఒకసారి చదివి పెట్టుకోండి. బతికి ఉన్న మన నాయకుడెవరి పోలికలనో నియంతకు తగిలించాలన్న ఆకర్షణకు లొంగవద్దు. భయం వల్ల చెప్పడం లేదు. అలా చేసిన మరుక్షణం పాఠకులు రెండు పార్టీలుగా చీలిపోయి, ఒకరు చప్పట్లు కొడతారు, ఒకరు పుస్తకం మూసేస్తారు, తనను తాను చూసుకోవలసిన వాడెవడూ మిగలడు.

తెలుగు పాఠకుడి దూరం

జర్మన్ పాఠకుడికి ఈ పేరు వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. మన ఇళ్ళలో "మా నాన్న హిట్లర్" అని పిల్లలు ముద్దుగా చెప్పుకుంటారు, 1997లో చెల్లెళ్ళను కట్టుదిట్టంగా పెంచే అన్నయ్య కథకు ఇదే పేరుతో సినిమా వచ్చింది, స్టాఫ్‌రూములో హెడ్‌మాస్టరుకు చాటుమాటుగా పెట్టే పేరు కూడా ఇదే. కనుక మీ పాఠకుడు మొదటి మెట్టు ఎక్కేసి వచ్చినట్టే, అతనికి ఆ మనిషి ఇప్పటికే కాస్త హాస్యపాత్ర. దీన్ని తిట్టుకోకుండా వాడుకోవాలి. బెర్లిన్‌లో ఎం.ఎస్. చదువుతూ సాయంత్రాలు సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేసే తెలుగు కుర్రాడిని సాక్షిగా పెట్టండి. వాడు ఇంటికి ఫోను చేసి, "అమ్మా, ఇక్కడ ఒకాయన అచ్చం హిట్లర్‌లా ఉన్నాడే, నాన్నకు ఫొటో పంపుతా" అంటాడు. "మీ నాన్నకన్నా కోపిష్టా?" అని అమ్మ అడుగుతుంది. వాడు నవ్వుతాడు. మరికొన్ని వారాలకు ఆ పెద్దమనిషి కార్యక్రమం చూసిన ఇంటి ఓనరు వాడి గది ఖాళీ చేయమంటాడు. ఆ రెండో ఫోన్ కాల్‌లో వాడు అమ్మకు ఏమి చెబుతాడో, ఏమి దాస్తాడో రాయగలిగితే, దూరం తగ్గించడానికి వేరే ప్రయత్నం అక్కర్లేదు.

ప్రతిని బయటికి పంపే ముందు

గట్టి నాయకుడు ఉంటే తప్ప దేశం బాగుపడదని నమ్మే బంధువు ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మీ ప్రతిని మొదట ఆయన చేతిలో పెట్టండి. చదివి హాయిగా నవ్వుకుని, "ఇలాంటివాడు ఒకడు మనకూ రావాలయ్యా" అంటే, నాలుగో ప్రసంగం దగ్గరి నుంచి తిరగరాయాలి. కోపంతో విసిరేసినా పని జరగనట్టే, ఎందుకంటే మీరు ఆయన్ని ముందే దూరం పెట్టేశారు. మూడు వంతులు నవ్వి, చివర కాస్త ముభావంగా పుస్తకం తిరిగి ఇస్తే ప్రెస్సుకు పంపవచ్చు.

పుస్తకం కోసమో సినిమా కోసమో చేసే ప్రచారంలో నియంత ప్రసంగాన్ని విడిగా కత్తిరించి వీడియోగా పెట్టకండి. చుట్టూ ఉన్న నవ్వు, దుకాణదారు, తోముతున్న ముసలామె లేకుండా ఆ రెండు నిమిషాలు ఎవరి చేతికి చిక్కినా వాళ్ళ ప్రచారమే అవుతుంది. మచ్చుకు ఇవ్వవలసివస్తే నిర్మాత దృశ్యం ఇవ్వండి. ముఖచిత్రానికి ఫొటో అక్కర్లేదు. జర్మన్ నవల అట్ట మీద తెల్లటి కాగితంపై నల్లటి జుట్టు పాపిడి, మీసం ఉండవలసిన చోట పుస్తకం పేరు, అంతే. దాని వెల కూడా 19.33 యూరోలు పెట్టారు. మీ పుస్తకానికి అటువంటి అంకె కుదిరితే వదులుకోవద్దు, కుదరకపోతే మామూలు వెలే వేసుకోండి.